స్కూలయ్యాక పిల్లల్ని చూసుకునే క్లబ్‌కి ఆఫ్‌స్టెడ్ (ఇంగ్లండ్‌లో స్కూళ్ళనీ పిల్లల సంరక్షణనీ తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలా? “తెలుగు క్లాస్” అని పేరు పెడితే సరిపోతుందా?

రీడింగ్‌లో_గోదారి:
అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప రాసింది లేదు, ఈసారి తప్పలేదు. మేం ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్ళో ఉంటాం. మా ఆయనది స్కిల్డ్ వర్కర్ వీసా, నాది డిపెండెంట్. మా చుట్టుపక్కల తొమ్మిది తెలుగు కుటుంబాలున్నాయి. స్కూలు 3:15కి వదిలేస్తారు, అమ్మానాన్నలు ఇల్లు చేరేసరికి ఆరు. స్కూల్లో ఆఫ్టర్ స్కూల్ క్లబ్ ఉంది గానీ వెయిటింగ్ లిస్టు ఎంతకీ కదలదు. అందుకని పన్నెండు మంది పిల్లల్ని స్కూలు నుంచి నేనే తీసుకొచ్చి, పక్కనే ఉన్న కమ్యూనిటీ హాల్లో ఆరు దాకా చూసుకుందామని అనుకుంటున్నాను. కాసేపు తెలుగు, కాసేపు హోంవర్క్, కాసేపు ఆటలు. నాతో పాటు ఇంకో అమ్మాయి ఉంటుంది. అందరికంటే చిన్నవాడు రిసెప్షన్‌లో (ఇక్కడి స్కూల్లో మొట్టమొదటి క్లాసు) ఉన్నాడు, వాడికి మార్చిలో ఐదు నిండుతాయి. పెద్దపాపకి పదేళ్ళు. డబ్బులు తీసుకునే చేస్తాను.

వాట్సాప్ గ్రూపులో ఒకావిడ “ఆఫ్‌స్టెడ్ గీఫ్‌స్టెడ్ ఏం అక్కర్లేదు, తెలుగు క్లాస్ అని పేరు పెట్టేయ్, క్లాసులకి ఎవరూ అడగరు” అంటోంది. మా ఆయనేమో వీసా మీద ఉన్నాం, ఏ తలనొప్పీ వద్దంటున్నాడు. ఎవరైనా చేసినవాళ్ళుంటే చెప్పండి, రెండు రోజుల నుంచి ఒకటే టెన్షన్.

లెస్టర్_బాబాయ్:
అమ్మా, మేం పదేళ్ళ నుంచి ఆదివారం తెలుగు బడి నడుపుతున్నాం, పది నుంచి పన్నెండు దాకా. ఇంతవరకూ ఒక్కరు కూడా వచ్చి అడిగింది లేదు. మొదలుపెట్టెయ్, ఏం కాదు.

ప్లేవర్కర్_అక్క:
బాబాయ్ గారూ, మిమ్మల్ని అడగకపోవడానికి కారణం మీరు చేసేది రెండు గంటలే కావడం. ఈ అమ్మాయి చేద్దామనుకుంటున్నది అది కాదు.

ఇంగ్లండ్‌లో దీనికి మూలం 2006 నాటి చైల్డ్‌కేర్ చట్టం. క్లుప్తంగా చెప్పాలంటే, ఎనిమిదేళ్ళలోపు పిల్లల్ని డబ్బులు తీసుకుని రోజుకి రెండు గంటలు మించి చూసుకుంటే ఆఫ్‌స్టెడ్ దగ్గర రిజిస్టర్ కావాలి. బోర్డు మీద క్లబ్ అని రాశావా, క్లాస్ అని రాశావా, “సాయంకాలపు సందడి” అని రాశావా అన్నది వాళ్ళకి అనవసరం. పిల్లల వయసెంత, ఎంతసేపు ఉంచుతున్నావు, అక్కడ అసలు జరిగేదేంటి, ఈ మూడే చూస్తారు. 3:15 నుంచి ఆరంటే రెండుంముప్పావు గంటలు. పిల్లల్లో ఎనిమిది లోపువాళ్ళున్నారు. కాబట్టి కావాలి.

రిజిస్టర్లు రెండు. పుట్టినప్పటి నుంచి, ఐదో పుట్టినరోజు తర్వాత వచ్చే ఆగస్టు 31 దాకా ఎర్లీ ఇయర్స్ రిజిస్టర్. ఆ తర్వాత సెప్టెంబర్ 1 నుంచి ఎనిమిది నిండేదాకా చైల్డ్‌కేర్ రిజిస్టర్‌లో తప్పనిసరి భాగం. ఎనిమిది దాటినవాళ్ళ కోసం అదే రిజిస్టర్‌లో స్వచ్ఛంద భాగం ఉంటుంది, చేరినా చేరకపోయినా నీ ఇష్టం.

రీడింగ్‌లో_గోదారి:
అక్కా, థాంక్యూ. అయితే మా చిన్నోడికి మార్చిలో ఐదు నిండగానే ఎర్లీ ఇయర్స్ గొడవ వదిలిపోతుందా?

ప్లేవర్కర్_అక్క:
వదలదు. అందరూ అక్కడే పప్పులో కాలేస్తారు. మార్చిలో కేక్ కోసినా ఆగస్టు 31 దాకా వాడు ఎర్లీ ఇయర్స్ పిల్లాడే. అంటే రిసెప్షన్ క్లాసు పిల్లాడు ఒక్కడున్నా ఆ ఏడాదంతా నువ్వు రెండు రిజిస్టర్లలోనూ ఉండాలి. కాకపోతే ఓ ఊరట ఉంది. పగలు రిసెప్షన్‌లోనో ఆ పై క్లాసులోనో ఉండే పిల్లల్ని స్కూలుకి ముందూ వెనకా, సెలవుల్లో మాత్రమే చూసుకునేవాళ్ళకి ఈవైఎఫ్ఎస్‌లో (ఎర్లీ ఇయర్స్ పిల్లల్ని చూసుకునేవాళ్ళు పాటించాల్సిన నిబంధనావళి) చదువు, ఎదుగుదల నిబంధనలు వర్తించవు. భద్రత, ఆరోగ్యం, సంక్షేమం భాగమే వర్తిస్తుంది. అక్షరాలు ఎన్ని నేర్పావని ఎవరూ అడగరు.

మొక్కజొన్న_పొత్తు:
నాదొక తెలివైన ఐడియా. హాలు ఆరు దాకా తెరిచే ఉంచి పిల్లల్ని రెండు బ్యాచులు చేస్తే? మొదటి బ్యాచ్ 3:15 నుంచి 5:15, రెండోది నాలుగు నుంచి ఆరు. అప్పుడు ఎవరికీ రెండు గంటలు దాటదుగా. లేక హాలు తెరిచి ఉంచిన టైమంతా లెక్కేస్తారా?

ప్లేవర్కర్_అక్క:
నిజంగానే తెలివైనదే. లెక్క ఒక్కో పిల్లాడికి విడిగా ఉంటుంది. ఏ పిల్లాడూ రోజులో రెండు గంటలు మించి ఉండకపోతే క్లబ్ ఎంతసేపు తెరిచినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ రెండో బ్యాచ్ పిల్లల్ని 3:15 నుంచి నాలుగు దాకా ఎవరు పట్టుకుంటారు? స్కూలు గేటు దగ్గర టీచర్ నీ చేతికి అప్పగించిన నిమిషం నుంచే లెక్క మొదలైనట్టని నా ఉద్దేశం. ఇక పాడింగ్టన్‌లో రైలు కాన్సిలయిందని ఒక నాన్న ఫోన్ చేశాడంటే నీ రెండు గంటలు రెండుంబావు అయిపోతాయి. నెలకోసారి అలా జరిగితే “పొరపాటున” అంటావు, వారానికి రెండుసార్లు జరిగితే ఏమంటావు?

నాట్యం_నాన్న:
మా పాప కూచిపూడి టీచర్ శనివారాలు మూడు గంటలు క్లాసు తీసుకుంటారు, పేరెంట్స్ ఎవరూ ఉండరు. ఆవిడకి రిజిస్ట్రేషన్ లేదే. ఆవిడ చట్టం తప్పుతున్నట్టా?

ప్లేవర్కర్_అక్క:
అవసరం లేదు. దానికి వేరే మినహాయింపుంది. ఐదు రకాల పనులు చెప్పారు: బడి చదువు లేదా హోంవర్క్ సాయం, క్రీడలు, నాట్యం సంగీతం లాంటి ప్రదర్శన కళలు, బొమ్మలూ హస్తకళలూ, మతం లేదా సంస్కృతి లేదా భాష నేర్పడం. వీటిలో రెండుకి మించకుండా నేర్పుతూ, పిల్లల్ని చూసుకోవడం అన్నది ఆ నేర్పడంలో భాగంగా మాత్రమే జరుగుతుంటే ఈ మినహాయింపు కింద పడొచ్చు. మీ టీచర్ గారిది నాట్యం ఒక్కటే, హాయిగా సరిపోతుంది.

గోదారి అమ్మాయి లిస్టు చూడండి. తెలుగు ఒకటి, హోంవర్క్ రెండు, ఆటలు మూడు. రేపు సంక్రాంతికి ముగ్గులూ గాలిపటాలూ అంటే నాలుగు. పైగా అక్కడికి పిల్లల్ని పంపేది తెలుగు కోసమా, అమ్మానాన్నలు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఎక్కడో ఒకచోట ఉండాలనా? మనకి తెలుసు, వాళ్ళకీ తెలుస్తుంది.

లెస్టర్_బాబాయ్:
సరే సరే, నేను తొందరపడ్డాను. కానీ ఒక్క మాట. మన చిన్నప్పుడు స్కూలయ్యాక పక్కింటి అత్తయ్య దగ్గర పడి ఉండేవాళ్ళం, పెరుగన్నం పెట్టేది, ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు. ఇక్కడ ప్రతిదానికీ కాగితమే.

హెచ్ఆర్_అన్నయ్య:
పక్కింటి అత్తయ్య డబ్బులు తీసుకోలేదు బాబాయ్. ఇక్కడ కూడా ఫ్రెండ్ పిల్లల్ని ఊరికే చూసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 2009లో ఒక కేసు పేపర్ల నిండా వచ్చింది. ఇద్దరు మహిళా పోలీసులు ఒకే ఉద్యోగాన్ని పంచుకుని చేసేవాళ్ళు, ఒకరు డ్యూటీలో ఉంటే రెండోవాళ్ళు ఇద్దరి పిల్లల్నీ చూసేవాళ్ళు. పైసా చేతులు మారలేదు. అయినా పరస్పరం పిల్లల్ని చూసిపెట్టడం కూడా ఒక రకం ప్రతిఫలమేనని ఆఫ్‌స్టెడ్ అభ్యంతరం చెప్పింది. దేశమంతా గోలెత్తాక ప్రభుత్వం దిగొచ్చి, స్నేహితుల మధ్య ఇలాంటి ఏర్పాట్లని మినహాయించింది. అంటే వీళ్ళు మరీ రాళ్ళేం కాదు, పన్నెండు మంది, హాలు అద్దె, నెలనెలా ఫీజు అంటే మాత్రం అది స్నేహం కాదు.

ఇంకో కోణం ఎవరూ ఎత్తలేదు. రిజిస్టరైతే తల్లిదండ్రులకి లాభం. టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ అకౌంట్‌లో వాళ్ళు 8 పౌండ్లు వేస్తే ప్రభుత్వం 2 పౌండ్లు కలుపుతుంది, పిల్లకి మూడు నెలలకి గరిష్ఠంగా 500 పౌండ్లు. పదకొండో పుట్టినరోజు తర్వాత వచ్చే సెప్టెంబర్ 1 దాకా వాడుకోవచ్చు. కానీ ఆ డబ్బు ఆమోదం ఉన్న చైల్డ్‌కేర్‌కే కట్టగలరు. నువ్వు రిజిస్టర్ కాకపోతే వాళ్ళు మొత్తం జేబులోంచి కట్టాల్సిందే. ఎనిమిది దాటిన పిల్లల కోసం స్వచ్ఛంద భాగంలో చేరమనేది కూడా అందుకే.

బ్రిస్టల్_కందిపచ్చడి:
అన్నయ్యా, మాది కూడా స్కిల్డ్ వర్కర్ వీసానే. మాకొస్తుందా ఆ 2 పౌండ్లు?

హెచ్ఆర్_అన్నయ్య:
నీ వీసా మీద “పబ్లిక్ ఫండ్స్ లేవు” (అంటే ప్రభుత్వ సాయం తీసుకోకూడదు) అని ఉంటే రాదు తమ్ముడూ. మనవాళ్ళలో చాలామందికి అదే ఉంటుంది. ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చాక అడ్డు తొలగుతుంది, మిగతా షరతులు కుదిరితే. ఇద్దరూ పనిచేస్తుండాలి, ఒక్కరి ఆదాయమైనా ఏడాదికి లక్ష పౌండ్లు దాటితే అసలుకే పోతుంది.

గోదారి చెల్లీ, నీ భర్త వీసాకి దీనితో ముప్పేం లేదు. స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్ భార్య సొంతంగా వ్యాపారం చేసుకోవచ్చు. ఏడాదిలో వచ్చిన సొమ్ము 1,000 పౌండ్లు దాటితే పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీకి చెప్పాలి, అంతే.

రీడింగ్‌లో_గోదారి:
ఆ ఒక్క ముక్కకే మా ఆయన మొహంలో కళ వచ్చింది అన్నయ్యా 😄 సరే, రిజిస్టర్ అవుదామనే అనుకుంటున్నా. ఎవరైనా చివరిదాకా చేసినవాళ్ళు ఉన్నారా? ఏమేం అడుగుతారు?

బర్మింగ్‌హామ్_పిన్ని:
నేను చేశానమ్మా. స్కూలు తర్వాత క్లబ్, సెలవుల్లో హాలిడే క్లబ్, రెండూ. చేయి నొప్పెట్టేదాకా రాస్తాను, కాఫీ తెచ్చుకో.

అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే. ఫీజు రిజిస్టర్‌ని బట్టి ఉంటుంది, ఏటా కట్టాలి. బార్డ్ లిస్ట్ (పిల్లలతో పనిచేయకుండా నిషేధించినవాళ్ళ జాబితా) చెక్‌తో కలిపి ఎన్హాన్స్‌డ్ డీబీఎస్, అంటే నేరచరిత్ర తనిఖీ, కావాలి. నాకు టైం తిన్నది ఇదొక్కటి: గత ఐదేళ్ళలో వేరే దేశంలో ఉన్నవాళ్ళు అక్కడి పోలీస్ సర్టిఫికెట్ కూడా పెట్టాలి. మా అసిస్టెంట్ విజయవాడ నుంచి వచ్చి మూడేళ్ళే. పీసీసీకి (ఆ పోలీస్ సర్టిఫికెట్‌కే) అప్లై చేస్తే అక్కడి స్టేషన్ వాళ్ళు వెరిఫికేషన్‌కి ఇంటికెళ్ళారు, ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళు అద్దెకుంటున్నారు, తిరిగి పంపేశారు. వారాలకి వారాలు పోయాయి. అందుకే ముందు ఆ పని మొదలుపెట్టు, మిగతావి తర్వాత.

రిసెప్షన్ పిల్లాడున్నాడు కాబట్టి ఫుల్ పీడియాట్రిక్ ఫస్ట్ ఎయిడ్ చేసినవాళ్ళు ఒకరు ఎప్పుడూ హాల్లో ఉండాలి. పన్నెండు గంటల కోర్సు, మూడేళ్ళకోసారి మళ్ళీ చేయాలి. ఇద్దరూ చేసేయండి, ఒకళ్ళకి జ్వరమొస్తే క్లబ్ మూసుకోవాల్సి వస్తుంది. పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ తప్పదు. చైల్డ్‌కేర్ రిజిస్టర్ వైపు కనీసం ఒకళ్ళకి పిల్లల సంరక్షణకి సంబంధించిన లెవెల్ 2 అర్హతో, కోర్ స్కిల్స్ శిక్షణో ఉండాలి. ఎంతమంది పిల్లలకి ఎంతమంది పెద్దలు అన్నది మాలాంటి క్లబ్బులకి అంకె వేసి చెప్పలేదు, సరిపడా ఉండాలన్నారు. నా మాట విను, స్కూలు నుంచి నడిపించి తెచ్చేటప్పుడు పన్నెండు మందికి ఇద్దరు చాలరు. రోడ్డు దాటేటప్పుడు ఒకడి షూ లేసు ఊడితే నీకే తెలుస్తుంది.

ఇన్‌స్పెక్టర్ వచ్చినరోజు నేను ఫైళ్ళన్నీ బల్ల మీద దసరా బొమ్మల కొలువులా పేర్చి పెట్టాను. ఆవిడ వాటి వైపు చూడనేలేదు. తిన్నగా హాలు వెనక్కి నడిచింది. అక్కడ ఫైర్ డోర్ ముందు ముందురోజు ఎవరో పార్టీ చేసుకుని ప్లాస్టిక్ కుర్చీలు నడుమెత్తు పేర్చి పోయారు. “రోజూ ఇలాగే ఉంటుందా?” అంది నవ్వుతూనే. ఆ నవ్వుకే నా చేతులు చల్లబడ్డాయి. హాలు మనది కాకపోయినా తలుపు బాధ్యత మనదే. అప్పట్నుంచి పిల్లలు రాకముందు నేను చేసే మొదటి పని ఆ తలుపు తెరిచి మూయడం.

తర్వాత అడిగింది: “పిల్లాడిని తీసుకెళ్ళడానికి నీకు తెలియని మనిషి వస్తే?” లిస్టులో పేరుంటేనే పంపుతానన్నాను. “పిల్లాడే ఆయన్ని గుర్తుపడితే?” అంది. అప్పుడు ఆలోచించాను. మన పిల్లలకి కనిపించిన ప్రతి మగాడూ అంకులే! “అంకుల్ వచ్చాడు” అని పరిగెత్తుకుంటూ పోతారు. అందుకే మా క్లబ్‌లో పాస్‌వర్డ్ పెట్టాం, ఒక్కో ఇంటికి ఒకటి. ఒకాయనది “గుత్తివంకాయ”. ఆయన ప్రతిసారీ గుమ్మంలో నిలబడి సిగ్గుపడుతూ చెప్తాడు, పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు.

మొక్కజొన్న_పొత్తు:
గుత్తివంకాయ 😂😂 ఇంత తతంగమా పిన్నీ. స్కూళ్ళు కూడా ఇదంతా చేస్తాయా?

బర్మింగ్‌హామ్_పిన్ని:
స్కూలే స్వయంగా తన పిల్లలకి నడిపితే విడిగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, స్కూలు ఇన్‌స్పెక్షన్‌లోనే చూస్తారు. అదే స్కూలు హాల్ అద్దెకి తీసుకుని బయటి కంపెనీ నడిపితే ఆ కంపెనీ రిజిస్టర్ కావాలి. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ప్రైమరీ పిల్లలకి చోటు దొరకాలని ప్రభుత్వం 2023లో 28.9 కోట్ల పౌండ్లు ప్రకటించింది కదా, ఆ ర్యాప్‌అరౌండ్ (స్కూలుకి ముందూ వెనకా చూసుకునే) డబ్బు కౌన్సిళ్ళ ద్వారా వచ్చింది. మీ కౌన్సిల్ ఎర్లీ ఇయర్స్ టీంని ఒకసారి అడుగు. అడిగితే పోయేదేం లేదు.

గ్లాస్గో_చలి:
ఇదంతా ఇంగ్లండ్ సంగతి, మా దగ్గర ఆఫ్‌స్టెడ్ లేదు. స్కాట్లాండ్‌లో కేర్ ఇన్‌స్పెక్టరేట్ చూస్తుంది, స్టాఫ్ ఎస్ఎస్ఎస్‌సీలో (అక్కడి సంరక్షణ సిబ్బందిని నమోదు చేసే సంస్థ) రిజిస్టర్ కావాలి. ఇక్కడికి మారేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

కార్డిఫ్_కుర్రోడు:
వేల్స్‌లో కేర్ ఇన్‌స్పెక్టరేట్ వేల్స్. 2016 నుంచి ఎనిమిది కాదు, పన్నెండేళ్ళలోపు పిల్లలందరికీ వర్తిస్తుంది.

కూకట్‌పల్లి_కాపురం:
చదువుతుంటే నవ్వూ ఏడుపూ కలిసొస్తున్నాయి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక డే కేర్ ఉంది, ఇరవై మంది పిల్లలు, ఒక ఆయమ్మ, ఒక టీవీ. ఫైర్ డోర్ సంగతి దేవుడెరుగు, అక్కడ కిటికీయే లేదు. మీ తలనొప్పి మాకు కాస్త అరువివ్వండి.

స్లౌ_చంటిపాప_అమ్మ:
ఈ చర్చలో “కాగితం కాగితం” అని విసుక్కునేవాళ్ళ కోసం రాస్తున్నాను. పోయినేడు మా బాబుని రిజిస్ట్రేషన్ లేని ఒకావిడ ఇంట్లో పెట్టాం. మనావిడే, మంచిదే. పద్నాలుగు మంది పిల్లలు ఒక్క లివింగ్ రూంలో. ఓ రోజు ఇస్త్రీపెట్టె కింద పెట్టి ఫోనెత్తడానికి వెళ్ళింది. బాబు అరచేయి కాలింది. చల్లనీళ్ళ కింద ఇరవై నిమిషాలు పెట్టాలని కూడా ఆవిడకి తెలియదు, పసుపూ వెన్నా రాసింది. హాస్పిటల్లో డాక్టర్ ఆ పసుపు తుడుస్తుంటే వాడు అరిచిన అరుపు నాకింకా వినిపిస్తూనే ఉంది. ఇన్సూరెన్స్ లేదు, ఫిర్యాదు చేద్దామంటే మనవాళ్ళే “పాపం వదిలెయ్” అన్నారు. వదిలేశాను. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియదు.

లెస్టర్_బాబాయ్:
అమ్మా, చదివాను. బాబు చేయి ఇప్పుడెలా ఉంది? నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వచ్చే ఆదివారం మా తెలుగు బడి కమిటీలో ఫస్ట్ ఎయిడ్ సంగతి ఎత్తుతాను, ఇంతవరకు మాలో ఒక్కరికీ లేదు.

స్లౌ_చంటిపాప_అమ్మ:
బాగుంది బాబాయ్, చిన్న మచ్చ ఉంది అంతే. వేడి వస్తువు చూస్తే మాత్రం చేతులు వెనక పెట్టుకుంటాడు.

రీడింగ్‌లో_గోదారి:
మూడు వారాల తర్వాత వస్తున్నా, ఆలస్యానికి క్షమించండి. అప్లికేషన్ పెట్టేశాను, రెండు రిజిస్టర్లకీ కలిపి, ఎనిమిది దాటినవాళ్ళ స్వచ్ఛంద భాగంతో సహా. పిన్ని చెప్పినట్టు పీసీసీ ముందు మొదలుపెట్టాను. మాది రాజమండ్రిలో సొంతిల్లే కాబట్టి మా నాన్న గుమ్మంలోనే కూర్చుని పోలీసుల కోసం ఎదురుచూస్తున్నాడు. ఫస్ట్ ఎయిడ్ కోర్సు ఇద్దరం చేశాం, ఆ ప్లాస్టిక్ పసిపాప బొమ్మ వీపు మీద తట్టీ తట్టీ మర్నాడు భుజం లేవలేదు.

రిజిస్ట్రేషన్ వచ్చేదాకా 5:15కే ఆపేస్తున్నాను. మొదటి వారం ఇద్దరు పేరెంట్స్ కోపగించుకున్నారు, ఒకళ్ళు మానేశారు కూడా. మిగతావాళ్ళు వంతులేసుకుని ఒకళ్ళ పిల్లల్ని ఒకళ్ళు తీసుకెళ్తున్నారు. నేను 5:10కి బూట్లు వేయించి గుమ్మం దగ్గర లైన్‌లో నిలబెడతాను.

ఇంకొక్క సందేహం. పిల్లలు ఆకలితో వస్తారు, ఇంట్లో పులిహోర కలిపి తీసుకెళ్తే పర్లేదా?

ప్లేవర్కర్_అక్క:
ఫుడ్ బిజినెస్‌గా కౌన్సిల్ దగ్గర నమోదు చేసుకోవాలి, మొదలుపెట్టడానికి 28 రోజుల ముందు, ఉచితమే. ఇక అలర్జెన్లు, అంటే అలర్జీ తెప్పించే పదార్థాలు. ఇక్కడి చట్టంలో పద్నాలుగున్నాయి. నీ పులిహోరలో వేరుశనగలు ఒకటి, పోపులో ఆవాలు రెండు, జీడిపప్పు వేస్తే మూడు, ఇంగువ డబ్బా తిప్పి చూడు, చాలా బ్రాండ్లలో గోధుమపిండి ఉంటుంది, అది నాలుగు. నువ్వులపొడి చల్లే అలవాటుంటే ఐదు.

రీడింగ్‌లో_గోదారి:
మా అత్తగారు నువ్వులపొడి లేకుండా పులిహోర కలపరు అక్కా 😭 అరటిపండ్లు పెడతాను.

బర్మింగ్‌హామ్_పిన్ని:
అరటిపండ్లకైనా ఫారంలో అలర్జీ గడి నింపించుకున్నావా? మా క్లబ్‌లో ఒక పాపకి అరటిపండే పడదు.

రీడింగ్‌లో_గోదారి:
ఇప్పుడే ప్రింట్ తీస్తున్నా.